మగ్గాలు ఆగిన పూట

నాగలింగం గారు శిష్యులు ఏమడిగినా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకునే జవాబు చెప్పేవారు. పడుగులో అటూ ఇటూ నాడె చురుగ్గా ఆడేది, నోటికి మాత్రం పొదుపెక్కువ. ఆ ఉదయం వచ్చిన శిష్యుడు సాంబయ్య కూడా నేతగాడే. కొన్నాళ్లుగా మనసులో నలుగుతున్న మాట అడిగేశాడు.

"ఆలుమగల మధ్యకు మూడో మనిషి వెళ్లకూడదంటారు గదండీ గురువుగారూ. అది ధర్మమేనా?"

ఎవరి సంగతో ఆయన అడగలేదు. ఎదురింటి వీరాస్వామి భార్య రమాతులసిని కొడతాడని వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆమె కేక వినబడితే చాలు, మగ్గాలన్నీ జోరందుకునేవి. ఇంటి గుట్టు కాపాడుతున్నామని అందరూ అనుకునేవారు. సాంబయ్యా అలాగే అనుకుని, అందరికంటే గట్టిగా నేసేవాడు. మహా గొప్ప మర్యాద!

అంతలోనే కేక వినబడింది. వీధి టకటకలాడిపోయింది. గురువుగారు నాడె పక్కన పెట్టేశారు.

"సాంబా, మన వీధిలో మగ్గాలన్నీ ఎప్పుడు ఆపుతాం?"

"ఎవరైనా పోతేనండీ."

"పోయేదాకా చూద్దామా?"

సాంబయ్య చటుక్కున లేచాడు. నలుగురూ నవ్వుతారేమోనన్న బెరుకుతోనే వీధిలోకి పరిగెత్తి, "మగ్గాలు ఆపండి!" అని ఇంటింటి ముందూ అరిచాడు. ఎవరు పోయారోనని హడలిపోయి ఒక్కొక్కరే ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో చెంపదెబ్బ చప్పుడు వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడింది.

మగ్గాలు ఆగడం చూసి వీరాస్వామి కంగారుగా బయటికొచ్చాడు. "ఎవరు పోయారు?"

"ఇంకా ఎవరూ పోలేదురా. పోకూడదనే ఆపాం," అంది పక్కింటి ముసలి పుల్లమ్మ.

అతని వెనకే రమాతులసి వచ్చింది. పెదవి చిట్లింది కానీ తల దించలేదు. "నా బట్టలు తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతా. నాకు తోడుగా ఎవరన్నా లోపలికొస్తారా?"

ముందు సాంబయ్య కదిలాడు. వెనక్కి తిరిగి చూస్తే వీధి వీధంతా కదిలింది. వీరాస్వామి గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. ఒంటరి ఆడమనిషి మీద లేచే చెయ్యి అంతమంది ముందు లేస్తుందా?

ఆమెను బస్సెక్కించి వచ్చేసరికి సాంబయ్య ఛాతీ ఉప్పొంగిపోయింది. ఆ గర్వం అతనికీ తగినదే, ఆ వీధికీ తగినదే.

"చూశారా గురువుగారూ! ఇవాళ మన వీధి ఆలుమగల మధ్యకు వెళ్లింది. ఏం తప్పు జరిగింది?"

గురువుగారు మళ్లీ నాడె అందుకున్నారు.

"వెళ్లడమేమిటి సాంబా? ఇన్నాళ్లూ మగ్గాల మోతతో మధ్యలో ఉన్నది మనమే. ఇవాళ అడ్డు తప్పుకున్నాం."