ఏటి రాయికి జిగురెలా వచ్చింది

ఒకప్పుడు నీళ్ళలోని రాళ్ళు జారేవి కావు. ఏట్లో రాయి మీద కాలు పెడితే గట్టు మీద పెట్టినట్టే గరుగ్గా ఉండేది. ఆ రోజుల్లో రాళ్ళకి శుభ్రం పిచ్చి. వీపు మీద ఏది వాలినా "ఫో అవతలికి!" అని కసిరి, పారే నీటితో కడిగించుకునేవి.

ఆ ఏటి ఒడ్డున నూకాలు అనే ఆవిడ ఉండేది. ఆవిడ శుభ్రం ముందు రాళ్ళ శుభ్రం ఏపాటిది! ఆవిడ చెయ్యి పడితే ఎంత మసిగిన్నయినా తళతళలాడాల్సిందే.

ఒక వేసవిలో ఏరు ఎండిపోయింది. మిగిలిన చిన్న గుంటలో ఒక తల్లి పరిగెచేప, దాని ఆరు పిల్లలు గిలగిల కొట్టుకుంటూ కనిపించాయి. నూకాలుకి జాలేసింది. వాటిని గుంట నీళ్ళతో సహా కుండలోకి తీసుకుని ఇంటికి తెచ్చింది. దూడల కోసం కొత్తగా తొలిపించిన రాతి తొట్టిని నూతి నీళ్ళతో నింపి, కుండని అందులో వంచేసింది. తోడుగా ఉంటుందని ఏటి నుంచి ఒక బూడిదరంగు రాయి తెచ్చి, తోమి మరీ వేసింది.

"వానలొచ్చేదాకా ఇక్కడుండండి. తర్వాత మళ్ళీ ఏట్లో వదిలేస్తాను" అంది.

మూడోనాడు ఒక పిల్ల వెల్లకిలా తేలింది.

"అక్కా, నీళ్ళు మండుతున్నాయి" అంది తల్లి పరిగె.

"అయ్యో, తొట్టి మురికయిందేమో!" అంటూ నూకాలు చేపల్ని కుండలోకి తీసి, నీళ్ళన్నీ పారబోసింది. బూడిద, కొబ్బరిపీచు పెట్టి తొట్టినీ రాయినీ తోమి, కొత్త నీళ్ళు పోసింది. ఇంకో రెండు పిల్లలు పోయాయి. ఆవిడ మరింత గట్టిగా తోమింది. పాపం, ఆవిడకి తెలిసిన వైద్యం అదొక్కటే.

తల్లి పరిగె నీటిని నిలదీసింది. "ఏట్లో ఇలా మండలేదే! ఇప్పుడు నా పిల్లల్నెందుకు చంపుతున్నావు?"

"నన్నంటావేం?" అంది నీరు. "మీరు తింటారు, నాలోనే పోస్తారు. ఆ ఘాటు ఎక్కడికి పోతుంది? ఏటి బురదలో దాన్ని తినేవాళ్ళున్నారు. ఇక్కడ లేరు. పైగా ఆ బూడిద తగిలితే ఘాటు ఇంకా రెచ్చిపోతోంది."

అప్పుడు సన్నటి గొంతులు వినిపించాయి. "లేకేం, ఉన్నాం!"

కంటికి కనబడనంత చిన్నవాళ్ళు వాళ్ళు. కుండ నీళ్ళతో పాటు వచ్చారు. రెండు తెగలు. ఘాటుమేతలు ఘాటుని తింటారు. కానీ వాళ్ళు వదిలిందీ విషమే. ఆ ఎంగిలిని ఎంగిలిమేతలు తింటారు. వాళ్ళు వదిలేదానితో చేపలకి పెద్ద బాధ లేదు, దాన్ని నాచు తినేస్తుంది.

"మరి తినరేం?" అంది తల్లి.

"నిలబడే చోటేదీ? ఆవిడ నీళ్ళు పారబోసినప్పుడల్లా మేమూ కొట్టుకుపోతున్నాం. గుప్పెడుమందిమి మిగిలాం."

తల్లి పరిగె రాయి దగ్గరికి పోయింది. "రాయన్నా, వీళ్ళకి నీ వీపు మీద చోటివ్వవా?"

"ఛీ! ఒళ్ళంతా జిడ్డయిపోతుంది" అంది రాయి.

ఆ సాయంత్రమే నాలుగో పిల్ల పోయింది. అది తేలలేదు. మెల్లగా మునిగి రాయి వీపు మీద పడింది. పొద్దున్న ఆ పిల్లే రాయికి మూతి రాస్తూ ఆడింది. ఇప్పుడు కదల్లేదు. రాయికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"రండి, ఎక్కండి" అంది చిన్నవాళ్ళతో.

వాళ్ళు ఎక్కారు. కొట్టుకుపోకుండా జిగురు చేసుకుని అతుక్కున్నారు.

మర్నాడు నూకాలు పీచుతో తయారు. రాయిని పట్టుకుంటే జారింది. మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ జారింది.

"దణ్ణం పెట్టడానికి చేతుల్లేవు గానీ, అక్కా, తోమకు!" అంది తల్లి పరిగె. "అది మురికి కాదు. నా పిల్లల్ని కాపాడ్డానికొచ్చినవాళ్ళు."

"నన్ను మొత్తం పారబొయ్యకు" అంది నీరు. "రోజూ రెండు బిందెలు తీసి, రెండు బిందెలు పొయ్యి. చేపలకి వేసే మెతుకులు కూడా తగ్గించు."

నూకాలుకి చేతులు దురదపెట్టాయి. అయినా సరేనంది.

పది రోజులకి ఘాటు తగ్గింది, ఎంగిలి విషం పెరిగింది. మిగిలిన రెండు పిల్లలూ పైకొచ్చి నోళ్ళు తెరిచి రొప్పాయి. నూకాలు చెయ్యి పీచు మీదికి పోయింది.

"ఎంగిలిమేతలు నిదానంగా పెరుగుతారక్కా, కాస్త ఆగు" అంది తల్లి.

నూకాలు పీచుని తీసి చూరు మీదికి విసిరేసింది. ఆ రోజు రెండు బిందెలకి బదులు నాలుగు మార్చింది. రాయి జోలికి మాత్రం పోలేదు.

నెల తిరిగేసరికి ఒక పొద్దున్న రెండు పిల్లలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ కనిపించాయి. నూకాలు తొట్టి పక్కనే కూలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

వానలొచ్చాక చేపల్నీ రాయినీ ఏట్లో వదిలింది. జిడ్డోడుతున్న రాయిని చూసి మిగతా రాళ్ళు ముక్కు చిట్లించాయి.

"నవ్వండి" అంది రాయి. "నేను శుభ్రంగా ఉందామనుకున్నాను. ఒక పిల్ల చచ్చి నా మీద పడింది."

ఏ రాయీ నవ్వలేదు. ఒక్కొక్కటిగా చిన్నవాళ్ళకి వీపు మీద చోటిచ్చాయి.

అప్పటినుంచే నీళ్ళలో రాళ్ళు జారుతున్నాయి. కొత్త తొట్టిలో నీళ్ళు పోయగానే చేపలు బతకలేకపోవడమూ, ఆ చిన్నవాళ్ళు కుదురుకోవడానికి నెల పట్టడమూ ఇందుకే. ఏట్లో కాలు జారి పడితే రాయిని తిట్టుకోండి, అది ఏమీ అనుకోదు. తోమకండి, అంతే.