పాతరకు చేరని కండెలు

రాజుగారి ఆవులు ఆ ఏడు సగానికి సగం పాలు తగ్గించేశాయి. పశుశాల అధికారి భైరవయ్య, పాలు పితికే సుంకులమ్మను రాజు ముందు నిలబెట్టాడు.

"ఇది పాలు దొంగిలిస్తోంది ప్రభూ! కొలువులోంచి తీసెయ్యండి."

"దొంగతనం కాదు ప్రభూ, మేతలో బలం లేదు," అంది సుంకులమ్మ. "మొక్కజొన్నను గింజ గట్టిపడే వేళ కండెతో సహా నరికి, పాతరలో తొక్కి మాగబెట్టాలి. ఈసారి అయ్యగారు కండెలన్నీ విరిచి తమ ఇంటికి తోలించుకున్నారు. పాతరలో పడింది ఉత్త చొప్పే."

భైరవయ్య నవ్వాడు. "పిచ్చిదానా, ఆవుకు కండె ఎందుకే? బలమంతా చొప్పలోనే ఉంటుంది. కండెలో ఏముంది, బూడిద!"

"అయ్యో, తెలియక అన్నాను!" సుంకులమ్మ రాజుకు దండం పెట్టింది. "అంత బలమైన చొప్ప గొడ్లకెందుకు ప్రభూ? అయ్యగారింటికి పంపించండి. ఆ పనికిరాని కండెలు మాకిప్పించండి, నలగ్గొట్టి మేతలో కలుపుతాను. పాలు పెరక్కపోతే నన్ను తీసెయ్యండి."

"బాగానే ఉందిగా," అన్నాడు రాజు అధికారి వైపు తిరిగి.

భైరవయ్య చేతులు జోడించాడు. "ప్రభూ... ఏడాదంతా మా ఇంటిల్లిపాదీ తినేది ఆ కండెలేనండీ!"

"బూడిద తిని ఎన్నాళ్ళని బతుకుతారయ్యా?" అన్నాడు రాజు. "ఇక నుంచి బలమైనది తినండి."

సాయంత్రానికల్లా చొప్ప బళ్ళు అటూ, కండెల బళ్ళు ఇటూ కదిలాయి.