ఆరని నీలం వెలుగు

వేదాద్రి మాస్టారి దగ్గర పాత రేడియో యంత్రాల్లోని గాజు వాల్వుల పని నేర్చుకుంటున్న కనకరాజుకు నాలుగు నెలలుగా ముద్ద గొంతు దిగడం లేదు.

పాదరసపు వాల్వుకు ముందు లోపలి ఫిలమెంటు తీగ వేడెక్కాలి, తర్వాతే హై వోల్టేజీ ఇవ్వాలి. మాస్టారు మొదటిరోజు చెప్పే పాఠమే అది. తొందరపడి రెండు స్విచ్చులూ ఒకేసారి వేసి, మళ్ళీ దొరకని వాల్వును పాడుచేసింది కనకరాజే. మాస్టారు అడిగితే మాత్రం తోటి శిష్యుడు మస్తాన్ పేరు చెప్పాడు. మస్తాన్ మొత్తుకున్నా మాస్టారు వినిపించుకోలేదు, వెళ్ళిపొమ్మన్నారు. ఆ మాట తెనాలి రేడియో షాపులన్నీ చుట్టొచ్చింది. వెంట్రుకంత తీగనైనా వణక్కుండా అతికించే మస్తాన్ చేతులు ఇప్పుడు గూడ్స్ షెడ్డులో సిమెంటు బస్తాలు మోస్తున్నాయి.

చివరికి కనకరాజు మాస్టారి దగ్గర నిజం ఒప్పుకున్నాడు. షాపు షాపుకూ వెళ్ళి తప్పు తనదేనని చెప్పాడు. స్నేహితుడి కోసం నింద నెత్తినేసుకుంటున్నాడని అందరూ అతన్ని మెచ్చుకున్నారు, టీ కూడా ఇప్పించారు. ఎంత మంచివాళ్ళో! మస్తాన్‌కు మాత్రం ఒక్కడూ పని ఇవ్వలేదు.

"నేనన్న మాట వెనక్కి తీసుకునే దారి చెప్పండి మాస్టారూ," అని అడిగాడు కనకరాజు.

మాస్టారు బీరువాలోంచి ఒక పాత వాల్వు తీసి బ్యాటరీకి తగిలించారు. దాని పక్కన లావుపాటి అయస్కాంతం పెట్టారు. గడియారం చూసుకుంటూ ఫిలమెంటును ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి, అప్పుడు హై వోల్టేజీ వేశారు. ఫిలమెంటు ఎర్రగా ఉందంతే, వాల్వు వెలగలేదు. అయస్కాంతం పక్కకు తీయగానే గాజు నిండా నీలం వెలుగు గుప్పుమంది.

అయస్కాంతాన్ని కనకరాజు చేతిలో పెట్టారు.

"ఆర్పు."

కనకరాజు దాన్ని ఇందాకటి చోటే పెట్టాడు. గాజుకు ఆనించాడు, అటూ ఇటూ తిప్పాడు. వెలుగు ఆరలేదు.

"ఇందాక ఇదే కదండీ ఆపింది?"

"ఇందాక అది ఇంకా వెలగలేదురా."

కనకరాజుకు ఏడుపొచ్చింది. స్విచ్చు కట్టేయబోతే మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"నువ్వు ఒక్క మాటే అన్నావు," అన్నారు మాస్టారు. "నమ్మింది నేను."