ఎండిన పడవ

అబ్బులుకి ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసుకే నాలుగు పనులు నేర్చుకోబోయి నాలుగూ వదిలేశాడు.

కుట్టుపనిలో చేరిన రెండో నెల ఎవరిదో చొక్కా చెయ్యి పొట్టిదైంది. మర్నాడు వెళ్ళలేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో వాడు విప్పిన ఫోను మళ్ళీ వెలగలేదు. ఆ సాయంత్రమే సెలవు చెప్పేశాడు. ఏసీ మెకానిక్కు దగ్గరా అంతే, ప్రింటింగు ప్రెస్సులోనూ అంతే. మొదటి తప్పు కనబడగానే ఇది తనకి రాసిపెట్టిన పని కాదనిపించేది. రాసిపెట్టినది ఇంకెక్కడో ఉంటుందనీ, దాంట్లో తన చెయ్యి తప్పు పోదనీ వాడి నమ్మకం. బద్ధకం అనుకునేరు. కాదు, పాపం, వాడికి నిజంగానే భయం.

చివరికి వాళ్ళక్క వాడిని తీసుకొచ్చి, కోరంగి మడ అడవుల అంచున పడవలు కట్టే తాతబ్బాయి మేస్త్రి దగ్గర వదిలింది. మేస్త్రికి డెబ్బై దాటాయి. ఆయన నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది గానీ అది వెలిగి ఉండగా చూసినవాళ్ళు లేరు. మాటలు కూడా అలాగే, నోటిదాకా వచ్చి ఆగేవి.

కార్తీకంలో చేరిన అబ్బులుకి వైశాఖం వచ్చేదాకా ఒక్కటే పని. పడవ పలకల మధ్య సందుల్లో పత్తితాడు పెట్టి కొయ్యసుత్తితో కుక్కాలి, పైన గుగ్గిలం నూనె పూయాలి. చెక్క చెక్కే బాడిస పట్టుకోనివ్వలేదు, ఉలి ముట్టుకోనివ్వలేదు. రాత్రిళ్ళు అక్కడే పాకలో పడుకునేవాడు. బట్టలు మాత్రం సంచీలోంచి తీసి తొడుక్కుని, ఉతికి ఆరాక మళ్ళీ సంచీలోనే పెట్టేవాడు. ఆరు నెలలుగా ఆ సంచీ గుమ్మం పక్కనే ఉంది.

వైశాఖంలో విశాఖపట్నం నుంచి కబురొచ్చింది. వెల్డింగు నేర్పేచోట ఖాళీ ఉంది, ఎల్లుండి పొద్దున్నే వచ్చి చేరాలి, రాకపోతే ఆ చోటు ఇంకొకడికి ఇచ్చేస్తారు. రేపు మధ్యాహ్నం రెండింటి బస్సు దాటితే మరి అందుకోలేడు.

మర్నాడు తెల్లవారుతుండగా సంచీ భుజాన వేసుకుని మేస్త్రి ముందు నిలబడ్డాడు.

"మేస్త్రిగారూ, ఏ పని నాదో నాకెలా తెలుస్తుందండీ?"

మేస్త్రి సంచీ వైపు చూశాడు. తర్వాత ఏటి వైపు చూశాడు.

"పోటొస్తోంది. సంచీ అక్కడ పెట్టి రా."

ఎండాకాలమంతా పాక కింద ఎండిన పాత పడవ ఒకటుంది. దాని సందులన్నీ అబ్బులు ఒక్కడే కుక్కాడు. ఆ రేవులో ఒక ఆనవాయితీ ఉంది. పత్తి ఎవరు కుక్కితే, పడవ నీళ్ళలో దిగేరోజు వాళ్ళే మొదట ఎక్కాలి. ఎక్కేవాడికి ముందుగా ఎవరూ ఏమీ చెప్పకూడదు. మొదటి మాట అబ్బులుకి తెలుసు. రెండోది చెప్పకూడనిది కాబట్టి తెలీదు.

పదిమంది కలిసి పడవని నీళ్ళలోకి తోశారు. మేస్త్రి, అబ్బులు ఎక్కారు. ఏటిపాయ మధ్యకి పోయి మేస్త్రి లంగరు వేశాడు.

పొగమంచు ఇంకా విడలేదు. రేవు కనబడటం లేదు. మడచెట్లు నీళ్ళలోంచి మొలిచాయో మంచులోంచి దిగాయో తెలియడం లేదు. ఎక్కడో ఒక కొంగ రెక్కలు విదిల్చుకుంది. బతుకంతా ఇలా కూర్చుని ఉండొచ్చు అనిపించింది అబ్బులుకి.

అప్పుడు కాళ్ళకి చల్లగా తగిలింది.

నీళ్ళు. ఒక సందులోంచి కాదు. ముందునుంచి, వెనకనుంచి, తను కుక్కిన ప్రతి సందులోంచీ సన్నగా, తీరిగ్గా లోపలికి వస్తున్నాయి. అబ్బులు నాలుగుసార్లు ఎరిగిన బాధే, ఐదోసారి కూడా ఏమీ పాతబడలేదు. ఆరు నెలల పని కళ్ళెదురుగా కారిపోతోంది. పడవలో ఉన్న పత్తితాడు తీశాడు, కొయ్యసుత్తి అందుకున్నాడు, వంగి కుక్కబోయాడు.

మేస్త్రి ఆ సుత్తి వాడి చేతిలోంచి తీసుకున్నాడు. తన కిందపెట్టుకుని దానిమీద కూర్చున్నాడు. అలా కూర్చుంటే గుచ్చుకోదా అంటే, గుచ్చుకునే ఉంటుంది. కదల్లేదు. పక్కనున్న కొబ్బరిచిప్ప వాడికి అందించాడు.

"తోడు."

అబ్బులు తోడాడు. పాదం మునిగింది, చీలమండ మునిగింది. తోడిన కొద్దీ వస్తున్నాయి. మంచులో చిప్ప చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముంచడం, పారబోయడం, ముంచడం. కాసేపటికి ఎంతసేపైందో వాడికి తెలియలేదు. మెలకువగానే ఉన్నాడు గానీ, నీళ్ళలో చెయ్యి పొట్టిదైన చొక్కా ఒకటి తేలుతూ వచ్చినట్టయింది. దాన్ని చిప్పతో ముంచి పారబోశాడు. వెలగని ఫోను వచ్చింది. దాన్నీ పారబోశాడు. అవన్నీ ఎప్పుడో వదిలేసి వచ్చాననుకున్నాడు. ఒక్కటీ వదల్లేదు, వాడి వెంటే ఉన్నాయి.

మంచు విడింది, ఎండ వచ్చింది. మేస్త్రి కూడా ఒక చిప్ప తీసుకుని తోడుతున్నాడు. ఆయన ఎప్పుడు మొదలుపెట్టాడో అబ్బులు చూడలేదు.

గట్టు మీదనుంచి బస్సు హారను వినబడింది. రెండింటి బస్సు. రేవులో ఐదు నిమిషాలు ఆగుతుంది. ఒడ్డు ఎంతో దూరం లేదు, ఈదితే నాలుగు బారలు. అబ్బులు చెయ్యి ఆగింది. నీళ్ళు ఇంకా చీలమండ దగ్గరే ఉన్నాయి, తగ్గలేదు, పెరగలేదు.

మేస్త్రి తల ఎత్తలేదు.

"వెళ్తే చిప్ప ఇక్కడ పెట్టి వెళ్ళరా. నాకు రెండూ కావాలి."

అబ్బులు ఒడ్డు వైపు చూశాడు. పడవలో ముసలాయన వంగి తోడుతున్నాడు, వీపు మీద చొక్కా చెమటకి అంటుకుపోయింది. ఈ పడవ సందులు ఆయన కుక్కలేదు. తను కుక్కాడు. అబ్బులు చిప్ప ముంచాడు. హారను ఇంకోసారి మోగింది, తర్వాత ఇంజను చప్పుడు దూరమైంది. వాడికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తోడాడు.

ఎండ వాలుతుండగా చిప్పకి అడుగు తగలడం మొదలైంది. ముంచితే సగమే నిండుతోంది. తర్వాత పావు. తర్వాత చిప్పతో గోకాల్సి వచ్చింది. మేస్త్రి భుజం మీద తువ్వాలు తీసి అడుగు తుడిచాడు, నీళ్ళు పిండాడు, ఒక చుట్ట కాలేంత సేపు చూశాడు. వెలగని చుట్టకి ఎంతసేపో మీరే అనుకోండి. మళ్ళీ అరచెయ్యి పెట్టి చూశాడు. వెనక పలక దగ్గర ఒక్కచోట చెమ్మ ఉంది, అంతే.

అప్పుడు లేచి, కింద ఉన్న సుత్తి తీసి అబ్బులు చేతిలో పెట్టాడు.

"పొద్దున నీ చేతిలో ఉండనిచ్చుంటే ఇంకా కుక్కేవాడివి, ఈపాటికి పలకలు ఉబ్బి చీలేవి."

అబ్బులు వంగి సందు మీద వేలు రాశాడు. పొద్దున వేలిగోరు దూరిన చోట ఇప్పుడు వెంట్రుక కూడా దూరదు. రెండు పలకలూ నీళ్ళు తాగి ఉబ్బి ఒకదాన్నొకటి అదిమి పట్టుకున్నాయి.

"ఆగుతాయని మీకు ముందే తెలుసాండీ?"

మేస్త్రి లంగరు పైకి లాగుతున్నాడు.

"కర్రకి తెలుసురా. మధ్యలో మనం ఒడ్డుకి లాగకుండా ఉంటే చాలు."

ఒడ్డుకి చేరేసరికి దీపాలు పెట్టారు. సంచీ పొద్దున పెట్టినచోటే ఉంది. అబ్బులు దాన్ని పాకలోకి తీసుకెళ్ళి విప్పాడు. చొక్కాలు ఒక్కొక్కటే తీసి, దులిపి, దండెం మీద వేశాడు.