చచ్చిన డిస్కుకు పరుపు

రాజులు పోయి రిపేరు షాపులొచ్చిన కాలంలో, ఒక ఊళ్లో పరాంకుశం అనే ఆయన ల్యాప్‌టాప్‌లు బాగుచేసేవాడు. డాక్టరుగారూ అని పిలవకపోతే పలికేవాడు కాదు.

ఇస్త్రీ బండి నూకాలమ్మ తన కూతురి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఆ పిల్ల ఏళ్ల తరబడి రాసిన పరిశోధనంతా అందులోనే ఉంది. వేరే కాపీ లేదు.

పరాంకుశం హార్డ్ డిస్కు ఊడదీసి, లోపలికి పట్టుకెళ్లి పరీక్ష చేసి వచ్చాడు.

"పూర్తిగా చచ్చిపోయిందమ్మా. ఒక్క అక్షరం కూడా రాదు. కొత్తది వేస్తాను. పాతది షాపుకే వదిలెయ్యాలి, ఇక్కడి పద్ధతి."

నూకాలమ్మ ఒకటి గమనించింది. ఆయన బల్ల మీద మెత్తటి స్పాంజి పరిచి, దాని మీద డిస్కును పెట్టాడు. చచ్చినదానికి పరుపెందుకు?

ఆమె డిస్కును చేతిలోకి తీసుకుంది.

"అయితే ఇదింక ఎందుకూ పనికిరాదా, డాక్టరుగారూ?"

"చెప్పానుగా! రాయితో సమానం."

నూకాలమ్మ దాన్ని గచ్చు మీదికి వదిలేసింది.

"అమ్మో!" అంటూ పరాంకుశం బోర్లాపడి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"రాయి కోసం అంత కంగారేమిటి బాబూ?"

ఆయన నేల మీది నుంచే నసిగాడు. "కొంచెమే పాడైంది. సరిచేసి అమ్ముకుందామని... కాపీ తీసిస్తానులే."

"తియ్యండి. నేనిక్కడే కూర్చుంటాను."

సాయంత్రానికి పరిశోధనంతా కొత్త డిస్కులోకి చేరింది. పరాంకుశం ఉండబట్టలేక అడిగాడు: "నేను పట్టుకోకపోయుంటే?"

"మీరు చెప్పింది నిజమేనని తేలేది. అప్పుడు నాకు కొత్తగా పోయేదేముంది?"