ఇద్దరన్నలు తెచ్చిన వాన

ఈమధ్య నాకు ముందుది వెనక, వెనకది ముందు అవుతోంది. వరస తప్పితే మీరే సర్దుకోండి పిల్లలూ.

అనగనగా కుంభావతి అని ఒక రాజ్యం. రాజు పోయాడు. రాణి, ముగ్గురు కొడుకులు మిగిలారు. మూడేళ్లుగా వాన లేదు. బొక్కసం ఖాళీ.

పెద్దవాడు జయకేతుడు గద్దెనెక్కి బండికి పన్ను, మగ్గానికి పన్ను, పొయ్యికి పన్ను వేశాడు. జనం తిరగబడ్డారు. మంత్రులు అతన్ని దింపేశారు. రెండోవాడు హేమకేతుడు ఎక్కి పన్నులన్నీ తీసేశాడు. జీతాల్లేక సైనికులు వెళ్లిపోయారు. మంత్రులు అతన్నీ దింపేశారు.

"తల మార్చారు గానీ మా కుండలో గంజి మారలేదయ్యా!" అంది సంతలో గంపలమ్మే అవ్వ.

ఆ మాటకు అన్నలిద్దరూ సిగ్గుపడి, ఏడు సముద్రాల అవతల ఉన్న మాంత్రికుడు జటావర్తుడి దగ్గర తమ ప్రాణాలు తాకట్టు పెట్టి, ఓడల నిండా ధాన్యం పంపారు. అదీ అయిపోయింది. మంత్రులు మూడోవాడు పుష్పకేతుడికి కిరీటం తెచ్చారు.

"ముందు మా అన్నలను తెచ్చుకుంటాను" అని అతను బయల్దేరాడు.

ఒడ్డున ఎండకు సొమ్మసిల్లిన తాబేలు మీద తన మంచినీళ్లు పోశాడు. అది అతన్ని వీపున మోస్తూ సముద్రాలన్నీ దాటించింది.

"వానల్ని కట్టేసిందీ ఆ మాంత్రికుడే నాయనా, ధాన్యం అప్పిచ్చేదీ వాడే. వాడు చస్తేనే వాన. వాడి ప్రాణం ఒక చిలకలో ఉందట. ఎక్కడుందో ఎవరూ చూడలేదు" అంది.

పుష్పకేతుడు మాంత్రికుడికి దణ్ణం పెట్టాడు. "నా ప్రాణమూ తాకట్టు పెట్టుకో తాతా. భద్రంగా ఎక్కడ దాస్తావో చూపించు మరి."

వాడు మురిసిపోయి పంజరం తెచ్చాడు. "ఇదిగో, ఈ చిలకలోనే. మీ అన్నలవీ ఇందులోనే, నాదీ ఇందులోనే!"

చటుక్కున చిలకను పట్టాడు పుష్పకేతుడు. కానీ మెడ నులమడానికి చెయ్యి రాలేదు. పక్కనే అన్నలిద్దరూ మెడదాకా రాయై ఉన్నారు.

"నులమరా తమ్ముడూ" అన్నాడు పెద్దన్న. "గద్దె మీద మేం చెయ్యలేనిది ఇలాగైనా జరగనీ."

"అమ్మకు వెంటనే చెప్పకు. అన్నం తిన్నాక చెప్పు" అన్నాడు చిన్నన్న.

కళ్లు మూసుకుని నులిమాడు. మాంత్రికుడు కూలాడు. రాతిబొమ్మలు రెండూ ఇక పలకలేదు.

అతను ఇల్లు చేరేసరికి రాజ్యమంతా వాన. జనం వీధుల్లో గంతులేస్తున్నారు. రాణి తడుస్తూ గుమ్మంలో నిలబడింది.

"పెద్దాడేడిరా? నడిపాడేడిరా?"

"ముందు అన్నం తినమ్మా" అన్నాడు.

ఆ తల్లికి అర్థమైపోయింది.

తర్వాత ఆ గంపల అవ్వ మనవరాలితో పుష్పకేతుడి పెళ్లయింది. పిల్లాపాపలతో చాలాకాలం ఏలాడు. అతన్ని ఎవరూ దింపలేదు.

చిన్నక్కా, ఈ కథ చిన్నప్పుడు నాతోపాటు నువ్వూ విన్నదానివే. పోయిన ఆ ఇద్దరి పేర్లూ సరిగా రాశానో లేదో ఒకసారి చూడవే.