రజాక్ గుట్ట దిగిన రోజు

విందుకు పిలిచింది వదినమ్మ మమ్ము
విస్తళ్లు వేసింది, వడ్డన మరిచింది
పందిట్లో కూచుంటె పొద్దేమొ వాలింది
వడ్డించ వచ్చిన వదినమ్మ...

ఆ తర్వాతి మాట నాకు గుర్తు లేదు. పెళ్లిళ్లలో అవతలి వాళ్లను ఆటపట్టించడానికి మా పిన్నమ్మలు పాడేవాళ్లు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి అందరూ నవ్వులో పడిపోయేవాళ్లు. నాకు ఎన్నడూ సరిగా వినబడలేదు. అక్షరాలు వచ్చాక రాసిపెట్టుకుందామని కూచున్నాను గానీ, అప్పటికి అడుగుదామంటే పిన్నమ్మలు లేరు. ఆ పాట తలుచుకుంటే నాకు రజాక్ గుర్తొస్తాడు.

మా ఊరి బయట గుట్ట మీద ఒక తకియా ఉండేది. తకియా అంటే ఫకీర్లు తలదాచుకునే చోటు. రెండు గదులు, ఒక వేపచెట్టు, వంటకి తాటాకు పాక. కమాల్ తాత అక్కడ ఉండేవారు. అడిగినవాళ్లకు నీళ్లూ, అడగనివాళ్లకు అన్నమూ పెట్టేవారు. ఆ అన్నం వండేదాన్ని నేను.

రజాక్ ఆయన శిష్యుడు, తాతను హజ్రత్ అని పిలిచేవాడు. అంతకుముందు జాగీర్దారు బంగళాలో విందులన్నీ అతని చేతి మీదుగా జరిగేవట. ఎవరిని గడప దగ్గర పలకరించాలి, ఎవరికి మెట్ల దాకా ఎదురెళ్లాలి, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదు, అన్నీ అతనికి తెలుసు. ఒకనాడు జాగీర్దారు కొడుకు ఒక ముసలి అతిథిని కూర్చోమనలేదని, తాళాల గుత్తి అక్కడే పెట్టి వచ్చేశాడు. తాత దగ్గర చేరాక పాన్ వదిలాడు, అత్తరు వదిలాడు, కాళ్లకు చెప్పులు వదిలాడు. మర్యాద ఒక్కటే వదల్లేదు.

తాతకు ఎనభై ఏళ్లు నిండాయని ఊళ్లో పెద్దమనుషులు ఒక సంఘంగా చేరి సన్మానసభ పెట్టారు. సంఘానికి పెద్ద నూనె మిల్లు ఓబులరెడ్డి. ఊరికి కొత్త. తాత పేరు విన్నాడు గానీ మనిషిని చూసినవాడు కాదు.

సభ అయిన మర్నాడు పొద్దున తాత చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. చూపు తగ్గింది కాబట్టి వేళ్లతోనే వెతుక్కునేవారు. రజాక్ ఎదురుగా కూర్చున్నాడు. పొద్దున గంజి తాగలేదు.

“ఆరింటికని కార్డులో వేశారు హజ్రత్. దీపం ఎప్పుడు వెలిగింది? ఎనిమిదికి. వత్తులు నూనెలో తడపలేదు. తాసిల్దారు కొవ్వొత్తి పట్టుకుని నిలబడీ నిలబడీ చెయ్యి కాల్చుకున్నాడు.”

“పాపం,” అన్నారు తాత.

“బండి పంపుతామన్నారు. పంపలేదు. నడిచి వెళ్తే గేటు దగ్గర కార్డు అడిగారు.”

“కార్డు నీ జేబులోనే ఉందిగా.”

“ఉంది. సన్మానం మీకు. మీకు కార్డెందుకు?”

తాత ఒక గింజ తీసి పక్కన పెట్టారు. “అవును, ఎందుకు,” అన్నారు.

“నవ్వులాట కాదు హజ్రత్. వెనక వరసలో కూర్చోబెట్టారు మనల్ని. మీ ముందు కూర్చున్నవాడు సభంతా వేరుశనక్కాయలు ఒలుచుకుని తిన్నాడు. పొట్టు మీ కాళ్ల మీద పడింది.”

“రెండు కాయలు నాకూ పెట్టాడు,” అన్నారు తాత.

నేనూ ఆ సభకు వెళ్లాను. ఆడవాళ్ల వైపు కూర్చున్నాను. అసలు సంగతి రజాక్ నోటికి రావడం లేదు కాబట్టి నేనే చెబుతాను.

ఊళ్లో సభలకూ పెళ్లిళ్లకూ కింద పరిచే జంపఖానాలు అద్దెకిచ్చే దుకాణం ఉంది. అక్కడ చెన్నప్ప అని ఒక ముసలాయన పనిచేసేవాడు. కూతురికి కాన్పు కష్టమైతే, తల్లీ బిడ్డా బతికితే తలనీలాలూ గడ్డమూ ఇస్తానని తిరుపతికి మొక్కుకున్నాడు. వాళ్లు బతికారు. కొండకు పోవడానికే వీలు చిక్కలేదు. గడ్డం తెల్లగా గుండెల దాకా దిగింది.

వేదిక మీద జంపఖానా ఒక మూల మడత పడితే, ఎవరైనా తట్టుకుంటారని చెన్నప్ప సర్దడానికి ఎక్కాడు. ఓబులరెడ్డికి ఎవరో చెప్పి ఉంచారు, తెల్ల గడ్డం పెద్దాయన అని. ఎదురుగా తెల్ల గడ్డం కనబడింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాడు. మెడలో దండ వేశాడు. మీద శాలువా వేశాడు.

“అయ్యా, నేను జంపఖానా...” అన్నాడు చెన్నప్ప.

“చూశారా,” అన్నాడు ఓబులరెడ్డి మైకులో, “తాను అందరి కాళ్ల కింద జంపఖానానంటున్నారు. ఎంత వినయం.”

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది వెనక వరసలో తాత.

తర్వాత ఎవరో వెళ్లి ఓబులరెడ్డి చెవిలో చెప్పారు. తప్పు నీదంటే నీదని సంఘం వాళ్లు వేదిక మీదే పోట్లాడుకున్నారు. మైకు ఆపడం మరిచిపోయారు. ఈ లోపల జనం భోజనాల మీద పడ్డారు. పిలిచింది కొందరినైతే వచ్చింది ఊరంతా. మేం ముగ్గురం అక్కడ మెతుకు ముట్టకుండా గుట్టకు వచ్చేశాం. నేను పొయ్యి వెలిగించి గంజి కాస్తే తాత తాగారు. రజాక్ అప్పుడూ తాగలేదు.

“ఒక మాట చెబుతున్నా హజ్రత్,” అన్నాడు రజాక్ ఆ పొద్దున. గొంతు తగ్గించి నెమ్మదిగా అన్నాడు. “ఆ సంఘం వాళ్లు ఈ గుట్ట ఎక్కిన రోజు నేను దిగిపోతాను. మళ్లీ ఎక్కను.”

తాత వేళ్లు చింతపండులో ఆగాయి. మళ్లీ గింజ తీశారు.

నాకు గుబులు పుట్టింది. రజాక్ అన్నాడంటే చేసేవాడు. తాళాల గుత్తి పెట్టి వచ్చిన మనిషి. తాత బయటికి అడుగు వెయ్యాలన్నా, మెట్లు దిగాలన్నా రజాక్ భుజమే ఆధారం. అతను పోతే ఆ ముసలాయన చేతికి ఎవరు దొరుకుతారు?

అంతలో వేపచెట్టు కింద ఎవరో నిలబడి కనిపించారు. ముందుకు రావడం లేదు, వెనక్కి పోవడం లేదు.

“ఎవరు రజాక్?” అన్నారు తాత.

రజాక్ చూసి మొహం తిప్పుకున్నాడు. “నిన్నటి శాలువా.”

“శాలువా నడిచి వచ్చిందా?”

చెన్నప్ప అక్కడి నుంచే చెప్పాడు. శాలువా కాగితంలో చుట్టి రెండు చేతుల మీద పెట్టుకుని ఉన్నాడు. “తప్పయిపోయింది సామీ. నేను చెప్పబోయాను, వినలేదు. మా యజమాని పనిలోకి రావద్దన్నాడు. తాత క్షమించినానంటేనే దుకాణం గడప తొక్కమన్నాడు. ఇది తీసుకోండి.”

“అక్కడ పెట్టి వెళ్లు,” అన్నాడు రజాక్.

చెన్నప్ప వంగాడు. నేల మీద పెట్టడానికి చేతులు రాలేదు. అలాగే వంగి ఉండిపోయాడు.

“రజాక్,” అన్నారు తాత, “నిన్న నాకేమీ కనబడలేదు. అసలు సన్మానమంటే ఎలా చెయ్యాలి?”

రజాక్ మొహం కాస్త విప్పారింది. “ముందు ఎదురు వెళ్లాలి హజ్రత్. గుట్ట కింది దాకా వెళ్లాలి. చేతులకు నీళ్లు పొయ్యాలి. కూర్చున్నాక...”

“చెబితే నాకు తెలియడం లేదు. చేసి చూపించు.”

“ఎవరికి?”

తాత మొహం వేపచెట్టు వైపే ఉంది.

రజాక్ కూడా అటు చూశాడు. “ఇతను ఎక్కేశాడుగా,” అన్నాడు చివరికి.

“ఎక్కినకాడి నుంచే మొదలుపెట్టు.”

రజాక్ లేచాడు. టోపీ సర్దుకున్నాడు. వేపచెట్టు దాకా నడిచి, చెన్నప్ప మోచేయి కింద చెయ్యి వేసి, నెమ్మదిగా చాప దగ్గరికి తీసుకొచ్చాడు. లోపలికెళ్లి చెంబూ, చేతులు కడిగించే ఇత్తడి పళ్లెమూ తెచ్చాడు. అవి బంగళా నుంచి అతను వెంట తెచ్చుకున్న తన సొంత సామాను. ఎన్నడూ వాడగా చూడలేదు నేను.

“వద్దు సామీ,” అని చెన్నప్ప చేతులు వెనక్కి తీసుకున్నాడు.

“చాపు. అతిథి వద్దనకూడదు. అదీ మర్యాదే.”

నీళ్లు సన్నగా పోశాడు. తన భుజం మీది తువాలు ఇచ్చాడు. నేను పాకలోంచి, “తిని వచ్చావా చెన్నప్పా?” అని అడిగాను.

రజాక్ నా వైపు తిరిగాడు. “అలా అడగకూడదక్కా. అడిగితే తిన్నాననే అంటారు. విస్తరి వెయ్యాలి.”

విస్తరి వేశాను. అన్నం, చింతచిగురు పప్పు. చెన్నప్ప తల వంచుకుని తిన్నాడు. మొదటి ముద్ద చిన్నది, రెండోది పెద్దది, ఆ తర్వాత ముద్దలు కట్టడం కూడా మానేశాడు. రజాక్ పక్కనే నిలబడి విస్తరినే చూస్తున్నాడు. అన్నం తగ్గినప్పుడల్లా నాకు కంటితో చెప్పాడు. వడ్డించమని పైకి అనలేదు.

“నిన్న అక్కడ తినలేదా?” అన్నాను నేను. విస్తరి వేశాం కదా, ఇక అడగొచ్చనుకున్నాను.

“ఏ మొహం పెట్టుకుని తినేదమ్మా. వంటపాక వెనక కూచున్నా, జంపఖానాలు చుట్టేదాకా. ఓబులరెడ్డయ్య కోటు విప్పేసి గరిటె పట్టినాడు. అన్నం చాలదని తెలిసింది కదా. గంగాళం గీకి గీకి వడ్డించినాడు. తిట్టేవాళ్లు తిడతానే తిన్నారు.”

రజాక్ పాక వైపు చూశాడు. నా పొయ్యి మీద కూడా గిన్నె అడుగు కనబడుతోంది.

చెన్నప్ప చేతులు కడిగాక, రజాక్ కాగితం విప్పి శాలువా దులిపాడు. “నిన్న తువాలు వేసినట్టు మెడలో వేశారు,” అన్నాడు తాతతో. “ఇది మెడకు కాదు హజ్రత్, భుజాలకు.” వెనక నిలబడి, రెండు చేతులా విప్పి, చెన్నప్ప భుజాలు నిండా కప్పాడు. ముందుకొచ్చి అంచులు సరిచేశాడు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి తల వంచాడు.

తాత ఆ చప్పుళ్లన్నీ విన్నారు.

“మీ యజమానితో చెప్పు,” అన్నారు చెన్నప్పతో. “తాత వెతికాడు, క్షమించడానికి ఏమీ దొరకలేదు అని. శాలువా తియ్యకుండానే వెళ్లి చెప్పు.”

చెన్నప్ప లేచి నాలుగడుగులు వేసి ఆగాడు. కింద దారి వైపు చూశాడు. “వాళ్లే సామీ,” అన్నాడు మెల్లగా.

నేనూ చూశాను. ఎండలో ముగ్గురు గుట్ట ఎక్కుతున్నారు. ముందు ఓబులరెడ్డి. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. వెనకవాళ్లలో ఒకరి చేతిలో దండ ఉంది, నిన్నటిదే కావచ్చు, వాడిపోయింది. కాస్త ఎక్కుతున్నారు, ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, మళ్లీ ఎక్కుతున్నారు.

“ఎవరో వస్తున్నట్టున్నారు,” అన్నారు తాత.

రజాక్ ఆ ముగ్గుర్నీ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గదిలోకి వెళ్లాడు. అతని బట్టల మూట ఆ గదిలోనే చిలక్కొయ్యకు వేలాడుతుంటుంది. నేను గరిటె పట్టుకునే గుమ్మం వైపు చూస్తున్నాను.

బయటికి వచ్చాడు. ఒక చేతిలో నిండు చెంబు, ఒక చేతిలో ఇత్తడి పళ్లెం, భుజాన ఉతికిన తువాలు. మా ఎవరి వైపూ చూడలేదు. గుట్ట దిగడం మొదలుపెట్టాడు. వాళ్లు ఇంకా సగం కూడా ఎక్కలేదు. వాళ్లు ఎక్కకముందే చేరాలన్నట్టు వేగంగా దిగాడు. చెంబు పళ్లానికి తగిలి చిన్నగా మోగుతూ పోయింది.

తాత ఆ చప్పుడు వైపు చెవి పెట్టి, అది దూరమయ్యేదాకా విన్నారు.

ఆ సాయంత్రమే మా అక్కకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే నేను వాళ్ల ఊరు వెళ్లాను. వానలు పట్టుకున్నాయి, వెంటనే రాలేకపోయాను. తిరిగొచ్చేసరికి వేపచెట్టు కింద తాత సమాధి ఉంది, దాని పక్కన రజాక్ కూర్చుని ఉన్నాడు. అందుకని తాత నాతో అన్న ఆఖరి మాట ఆనాటిదే. చెంబు చప్పుడు వినబడడం ఆగిపోయాక, చింతపండు పళ్లెం పక్కకు జరిపి, పాక వైపు తిరిగి అన్నారు.

“ఇంకో రెండు గుప్పెళ్లు బియ్యం పొయ్యి తల్లీ. వాళ్లూ తిని ఉండరు.”